లండన్ నగర సందర్శన: కంభం, దూపాడు సీమల చరిత్ర దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో యాత్రాచరిత్ర అనగానే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర గుర్తుకు వస్తుంది. ఆ ప్రయాణం 1830–31 నాటిది. ఆ తర్వాత అర్ధశతాబ్దం గడవకముందే తెలుగువారు సముద్రం దాటి చూసిన నగరాలను గురించి రాయడం మొదలుపెట్టారు. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు యాత్రను వర్ణించిన గ్రంథం తెలుగు మూలానికి అనువాదంగా 1876లో మద్రాసులో ఆంగ్లభాషలో వెలువడింది. నాటి నుంచి లండన్ తెలుగు పాఠకుడికి పరిచితమైన నగరమే. అయితే సందర్శకుల కోసం రాసే నగర పరిచయాలు సాధారణంగా థేమ్స్ నది, టవర్ కోట, వెస్ట్‌మినిస్టర్ మందిరం, రాజప్రాసాదం అనే క్రమంలో సాగుతాయి. అది ఇంగ్లండు రాజుల చరిత్రకు తగిన క్రమం. తెలుగు దేశపు చరిత్రను వెతుక్కునే సందర్శకుడికి ఆ క్రమం చాలదు.

ప్రకాశం పశ్చిమ ప్రాంతాన్ని, అంటే మార్కాపురం, గిద్దలూరు, కంభం, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల పరిసరాలను దృష్టిలో పెట్టుకొని లండన్ నగరాన్ని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. నల్లమల అంచున ఉన్న ఈ సీమకు, థేమ్స్ ఒడ్డున ఉన్న ఆ నగరానికి సంబంధం పైకి కనిపించదు. కాని కంభం చెరువు వర్ణన అచ్చయినది లండన్‌లో. ఈ సీమను కొలిచిన సర్వేయరు సేకరణలో సగం చేరినది లండన్‌కే. గుండ్లకమ్మ ఒడ్డున బయటపడిన బౌద్ధ శిల్పాలకు సజాతీయమైన శిల్పాలు నేడు ఉన్నదీ అక్కడే. ఇక్కడి నుంచి వెళ్ళినవి ఏవి, తిరిగి వచ్చినవి ఏవి, తిరిగి రానివి ఏవి అన్న విచారణ చేస్తే లండన్ పటం మరో విధంగా కనిపిస్తుంది.

విచారణకు ముందు ఈ సీమ పరిపాలన చరిత్రను స్థూలంగా గుర్తుచేసుకోవాలి. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన సంధి వల్ల కంభం సీమ నిజాముకు దక్కింది. 1800లో నిజాము దత్తమండలాలతో పాటు దీనిని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. మొదట కడప జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం తాలూకాలు 1858లో కొత్తగా ఏర్పడిన కర్నూలు జిల్లాలో చేరాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగమయ్యాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. ఈ వివరం కేవలం పరిపాలనకు సంబంధించినది కాదు. ఒకే ఊరి కాగితాలు హైదరాబాదు, దత్తమండలాలు, కడప, కర్నూలు అనే నాలుగు శీర్షికల కింద చెదిరి ఉండడానికి ఇదే కారణం. లండన్ భాండాగారంలో ‘ప్రకాశం’ అని వెతికే పరిశోధకుడికి పందొమ్మిదవ శతాబ్దపు కంభం దొరకదు.

1. నగర స్వరూపం: కోట, పేట

తెలుగు దేశపు పాత పట్టణాలకు కోట, పేట అని రెండు భాగాలుండేవి. కోటలో పాలన, పేటలో వర్తకం. లండన్‌ను అర్థం చేసుకోవడానికి ఈ విభజన బాగా ఉపకరిస్తుంది. నేడు ఒకే మహానగరంగా కనిపించేది నిజానికి రెండు పాత పట్టణాల కలయిక. తూర్పున ఉన్నది ‘సిటీ’. సుమారు ఒక చదరపు మైలు విస్తీర్ణం గల ఆ భాగం పేట. పడమట ఉన్న వెస్ట్‌మినిస్టర్ కోట. రెండూ థేమ్స్ ఉత్తరపు గట్టు మీదనే ఉన్నాయి.

పేట ముందు పుట్టింది. క్రీ.శ. 50 ప్రాంతంలో రోమనులు నదిని దాటడానికి అనువైన చోట లొండీనియం అనే రేవుపట్టణాన్ని నెలకొల్పారు. 60–61లో రాణి బౌడికా తిరుగుబాటులో అది తగలబడింది. మళ్ళీ కట్టుకున్న పట్టణం చుట్టూ రోమనులు రాతిగోడ లేపారు. ఆ గోడ శకలాలు టవర్ కోట సమీపంలో నేటికీ కనిపిస్తాయి. టవర్ కోటను పదకొండవ శతాబ్దంలో నార్మన్ రాజు విలియం కట్టించడం మొదలుపెట్టాడు. పేటకు తూర్పు అంచున రాజు కోట కట్టడంలో రక్షణతో పాటు వర్తకులకు హెచ్చరిక కూడా ఉంది. పడమట వెస్ట్‌మినిస్టర్ మందిరం 1065లో ప్రతిష్ఠితమైంది. మరుసటి సంవత్సరం నుంచి ఇంగ్లండు రాజుల పట్టాభిషేకాలకు అదే వేదిక.

1666 సెప్టెంబరులో పేట నాలుగు రోజులకు పైగా కాలిపోయింది. సుమారు 13,200 ఇళ్ళు, 87 చర్చీలు నాశనమయ్యాయి. కొయ్య ఇళ్ళ పాత లండన్ ఆ మంటలలోనే పోయింది. క్రిస్టఫర్ రెన్ నిర్మాణ పర్యవేక్షణలో 1675 నుంచి 1710 వరకు కట్టిన సెయింట్ పాల్ ప్రధాన చర్చి ఆ అగ్నిప్రమాదం తర్వాతి నగరానికి గుర్తు. తరువాతి కాలపు ఇళ్ళు ఇటుకతో లేచాయి. పందొమ్మిదవ శతాబ్దంలో కట్టిన వీథుల మీద వేల్స్ గనుల పలకరాయి కప్పులు వరుసగా కనిపిస్తాయి. రాతి పలక మీద అక్షరాలు దిద్దుకున్న తరాలకు, ఆ పలకలను అందించిన మార్కాపురం ప్రాంతీయులకు ఆ నల్లని కప్పులు కొత్తగా అనిపించవు. ఇక్కడ బడిపిల్లవాడి చేతిలో ఉన్న రాయి అక్కడ ఇంటిమీదికి ఎక్కింది.

2. లెడెన్‌హాల్ వీథి: కనిపించని సౌధం

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి అధికారపత్రంతో పుట్టిన ఈస్టిండియా కంపెనీ పేటకు చెందిన సంస్థ. అందుకే దాని ప్రధాన కార్యాలయం రాజప్రాసాదం దగ్గర కాక సిటీలోని లెడెన్‌హాల్ వీథిలో ఉండేది. మద్రాసు నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరం, జమాబందీ నివేదిక, సర్వే పటం చివరకు ఆ సౌధానికే చేరేది. 1801లో అందులో గ్రంథాలయం ఏర్పడింది. దానితో పాటు పురావస్తువులు, చిత్రాలు, నాణేలు చేరి ఒక మ్యూజియం రూపొందింది.

1858లో పాలన కంపెనీ నుంచి రాణికి మారింది. అంటే తెలుగు దేశం మీద అధికారం లండన్‌లోనే పేట నుంచి కోటకు నడిచి వెళ్ళింది. ఇండియా కార్యాలయం వెస్ట్‌మినిస్టర్ ప్రాంతంలోని వైట్‌హాల్‌కు మారింది. 1860ల తొలి ఏళ్ళలో లెడెన్‌హాల్ సౌధాన్ని పడగొట్టారు. నేడు ఆ స్థలంలో లాయిడ్స్ బీమా సంస్థ వారి ఉక్కు, గాజుల భవనం ఉంది. అది 1986లో పూర్తయింది. మామూలు సందర్శకుడు ఆ ఆధునిక కట్టడాన్ని చూసి ముందుకు సాగుతాడు. తెలుగు చరిత్ర విద్యార్థికి మాత్రం అది తన ఊరి శిస్తు లెక్కలు చేరిన చోటు. చూడడానికి అక్కడ ఏమీ మిగలకపోయినా ఆగవలసిన మొదటి మజిలీ అదే.

3. దూపాడు నుంచి లండన్ వరకు: మెకంజీ సేకరణ

స్కాట్లండు దీవులలోని స్టోర్నోవేలో 1754లో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు చేరాడు. 1792 సంధి తర్వాత నిజాము రాజ్యంలోని ఇంగ్లీషు దళానికి ఇంజనీరుగా, సర్వేయరుగా పనిచేశాడు. కొత్తగా నిజాముకు దక్కిన కంభం, దూపాడు సీమలు ఆ రోజులలోనే అతని కొలతలకు వచ్చాయి. దూపాడు నేడు త్రిపురాంతకం మండలంలో ఒక గ్రామం. నాడు ఒక సీమకే పేరు.

అలెగ్జాండర్ డాల్రింపుల్ 1790లలో లండన్‌లో వెలువరించిన ‘ఓరియంటల్ రిపర్టరీ’ సంపుటాలలో మెకంజీ రాసిన కంభం చెరువు వృత్తాంతం అచ్చయింది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి నిలిపిన ఆ చెరువును విజయనగర రాచకుటుంబానికి చెందిన వరదరాజమ్మ కట్టించిందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువులోకి నీరు దిగే పరివాహక ప్రాంతం 430 చదరపు మైళ్ళు. కాలువలు, జలాశయాలు కట్టించే ఇంజనీర్ల పాలన ఇంకా దక్షిణాదిలో మొదలు కాకముందే ఈ కట్ట లండన్ పాఠకుల చేతికి అక్షరరూపంలో అందింది. ఈ సీమను గురించి ఐరోపాలో అచ్చయిన తొలినాటి రచనలలో అది ఒకటి. ఆ రచన విషయం ఒక యుద్ధమో సంధో కాక, చెరువు కావడం గమనింపదగినది.

మెకంజీ 1794లో శ్రీశైలాన్ని దర్శించి రాసిన వృత్తాంతం ‘ఏసియాటిక్ రీసెర్చెస్’ అయిదవ సంపుటంలో 1798లో కలకత్తాలో వెలువడింది. ఆ సంపుటాలు తర్వాత లండన్‌లోనూ పునర్ముద్రితమయ్యాయి. ప్రాకారపు గోడల మీది శిల్పాలను వర్ణించిన ఆ వ్యాసం శీర్షికలో క్షేత్రం పేరు శ్రీశైలమని లేదు. ‘పెర్వట్టం’ అని ఉంది. ఇది వికృతమైన ఉచ్చారణ అని తోసిపుచ్చడం సులభం. కాని తెలుగు సాహిత్య విద్యార్థికి ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల మహిమను చెప్పిన భాగానికి పెట్టిన పేరు పర్వత ప్రకరణం. శ్రీశైలాన్ని ‘పర్వతం’ అని మాత్రమే చెప్పుకునే వాడుక పదమూడవ శతాబ్దపు శైవ వాఙ్మయంలో ఉంది. సర్వేయరు దారిలో విన్న మాటనే తన అక్షరాలలో పెట్టాడని భావించవచ్చు. అట్లయితే లండన్‌లో పునర్ముద్రితమైన ఆ పేజీ నల్లమల దారులలో ఆ వాడుక పద్దెనిమిదవ శతాబ్దం చివరి దాకా బతికి ఉన్నదనడానికి సాక్ష్యమవుతుంది. ‘కొమ్మం’ వంటి రూపాలను కూడా తప్పుగా కాక విన్న పలుకుకు ఆనవాలుగా పరిశీలించడం మేలు.

మెకంజీ పని ఒక్కడి పని కాదు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి ఆ సేకరణకు కాళ్ళూ కళ్ళూ అయినవారు. బొర్రయ్య 1803లో మరణించాక లక్ష్మయ్య ఆ భారం మోశాడు. గ్రామ కరణాల కవిలెలను, దేవాలయ శాసనాలను, వృద్ధుల మాటలను కూర్చి గుమాస్తాలు రాసిన కైఫియత్తులు తెలుగు వచన చరిత్రలోనూ విలువైన భాగం. 1816లో టామస్ హికీ చిత్రించిన మెకంజీ తైలవర్ణ చిత్రం నేడు బ్రిటిష్ గ్రంథాలయం సంగ్రహంలో ఉంది. అందులో ఎర్రకోటు వేసుకున్న మెకంజీతో పాటు ముగ్గురు భారతీయులు ఉన్నారు. తాటాకు గ్రంథం పట్టుకున్నవాడు జైన పండితుడు ధర్మయ్య అనీ, మరొకరు కావలి లక్ష్మయ్య అనీ, దుర్భిణి పట్టుకున్నవాడు కిష్టనజీ అనీ గుర్తించారు. లండన్‌లో తెలుగు సందర్శకుడు తెలుసుకోవలసిన చిత్రాలలో ఇది ముఖ్యమైనది. నగరంలోని వీథుల కూడళ్ళలో సేనానుల విగ్రహాలు ఎన్నో ఉన్నాయి. కైఫియత్తులు కూర్చిన తెలుగువాడి ముఖం ఈ ఒక్క పటంలో ఉంది.

4. సేకరణ విభజన

1821లో మెకంజీ మరణించాక కంపెనీ అతని భార్య నుంచి ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ తయారుచేసిన సూచిక 1828లో కలకత్తాలో అచ్చయింది. ఈ సందర్భంలోనే సేకరణ విడిపోయింది. పటాలు, చిత్రాలు, నాణేలు, ఇంగ్లీషు అనువాదాలలో పెద్ద భాగం లండన్‌కు వెళ్ళాయి. దక్షిణాది భాషల స్థానిక చరిత్రలు 1828లో మద్రాసుకు చేరాయి.

ఈ విభజన పైకి సహేతుకంగా ఉంది. లండన్‌లో తెలుగు చదివేవారు తక్కువ కాబట్టి తెలుగు కాగితాలు మద్రాసులో ఉండాలనడం సబబే. కాని ఫలితం వేరు. ఒక ఊరిని చూసి గీసిన పటం ఒక ఖండంలో, ఆ ఊరివాళ్ళు చెప్పిన మాట మరొక ఖండంలో మిగిలాయి. చూపు లండన్‌కు, పలుకు మద్రాసుకు చేరాయన్నమాట. లండన్‌లో పటాన్ని మాత్రమే చూసిన పరిశోధకుడికి చెరువులు, కనుమలు, బాటలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ చెరువు తూము కింద ఎవరికి మాన్యం ఉన్నదో, ఏ పాళెగాడు ఏ ఊరిని ఎప్పుడు పట్టాడో పటం చెప్పదు. కైఫియత్తు చెబుతుంది. కైఫియత్తును మాత్రమే చదివినవాడికి ఊళ్ళ మధ్య దూరం, దిక్కు తెలియవు.

లక్ష్మయ్య కథ ఈ విభజనకు మానవీయమైన ముఖం. మెకంజీ తర్వాత ఆ పనిని కొనసాగించడానికి తనకు అవకాశం ఇవ్వమని అతడు కోరాడు. కలకత్తా ఏసియాటిక్ సొసైటీ 1836లో దీనిని పరిశీలించి, ఆ బాధ్యతను అతనికి అప్పగించడానికి అనుకూలత చూపలేదు. మద్రాసులో ఆ కాగితాల పరిశీలన విలియం టేలర్ అనే మిషనరీకి దక్కింది. సేకరించినవాడికి వ్యాఖ్యానించే అర్హత లేదన్న ఆ నిర్ణయం తెలుగు చరిత్ర రచనను ఎన్ని దశాబ్దాలు వెనక్కి నెట్టిందో అంచనా వేయడం కష్టం. లక్ష్మయ్యకు ఆ అవకాశం వచ్చి ఉంటే పటాన్నీ పలుకునూ ఒక్కచోట చదవగలిగినవాడు ఒకడైనా ఉండేవాడు.

5. తిరిగి వచ్చిన తాళపత్రాలు: బ్రౌన్

లండన్ నుంచి తెలుగు నేలకు తిరుగుదారి కూడా ఒకటి ఉంది. దానికి కర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపలో ఉద్యోగ జీవితం ఆరంభించిన బ్రౌన్‌కు అప్పటి కడప జిల్లాలో భాగమైన కంభం, దూపాడు సీమలు పరాయివి కావు. సెలవు మీద 1835 నుంచి 1838 వరకు లండన్‌లో ఉన్న కాలంలో లెడెన్‌హాల్ సౌధపు గ్రంథాలయంలో పనిచేశాడు. అక్కడ ఎవరూ పట్టించుకోని దక్షిణాది తాళపత్రాల రాశి అతని కంటబడింది. 1811లో జావాలో మరణించిన జాన్ లేడెన్ సేకరణ అది. కంపెనీ కొని లండన్‌కు తెప్పించుకుంది. బ్రౌన్ వాటిని గుర్తించి, వాటి చోటు మద్రాసు అని పట్టుబట్టాడు. 1840లలో అవి మద్రాసుకు చేరాయి. ఆ దశాబ్దంలోనే తన సొంత సేకరణను కూడా మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించాడు. మెకంజీ, లేడెన్, బ్రౌన్ సేకరణలు కలిసి నేటి చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది అయ్యాయి.

1855లో భారతదేశాన్ని విడిచిన బ్రౌన్ చివరి మూడు దశాబ్దాలూ లండన్‌లో గడిపాడు. 1865 నుంచి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న మరణించాడు. సమాధి నగరానికి పశ్చిమోత్తరాన ఉన్న కెన్సాల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది. బ్రౌన్ సేవను నిఘంటువుతో, వేమన పద్యాల ప్రచురణతో కొలవడం మనకు అలవాటు. కాని తాళపత్రాలను తిప్పి పంపించిన పని కూడా తక్కువది కాదు. సేకరణ అంటే దూరానికి తీసుకుపోవడమేనని భావించిన కాలంలో, గ్రంథం ఉండవలసినది దానిని చదవగలిగినవారి మధ్య అన్న సూత్రాన్ని అతడు ఆచరణలో పెట్టాడు.

6. తిరిగి రాని శిలలు: బ్రిటిష్ మ్యూజియం, చందవరం

తాళపత్రాల విషయంలో జరిగినది శిల్పాల విషయంలో జరగలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడ ఎక్కాయి. లండన్‌లో అవి కొంతకాలం రేవు దగ్గర ఆరుబయట, తర్వాత ఒక బండ్లకొట్టంలో పడి ఉన్నాయి. 1860ల నడుమ జేమ్స్ ఫెర్గుసన్ వాటిని మళ్ళీ వెలుగులోకి తెచ్చి, 1868లో వెలువడిన గ్రంథంలో వర్ణించాడు. ఇండియా మ్యూజియం రద్దయిన పిమ్మట 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంకు దక్కాయి. నేడు సుమారు 120 శిల్పాలు ఆ మ్యూజియం సంగ్రహంలో ఉన్నాయి. వాటికి కేటాయించిన గది సంఖ్య 33ఏ.

1753లో చట్టం ద్వారా స్థాపితమై 1759లో తలుపులు తెరిచిన ఆ మ్యూజియం బ్లూమ్స్‌బరీ ప్రాంతంలో ఉంది. ప్రవేశం ఉచితం. అమరావతి గదిలో నిలబడిన పశ్చిమ ప్రకాశం సందర్శకుడికి గుర్తుకు రావలసిన పేరు చందవరం. దొనకొండ సమీపంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ స్థలాన్ని 1964లో గుర్తించారు. 1970లలో తవ్వకాలు జరిగాయి. కొండ మీది మహాస్తూపానికి అమర్చిన సున్నపురాతి ఫలకాల శిల్పశైలి అమరావతి సంప్రదాయానికి చెందినదే. కంభం చెరువును నింపిన నదే కిందికి దిగి ఆ స్తూపం పక్కగా ప్రవహిస్తుంది.

స్వతంత్ర భారతంలో తవ్వినందువల్ల చందవరం శిల్పాలు భద్రంగా ఇక్కడే మిగులుతాయని అనుకోవడం సహజం. అలా జరగలేదు. ఈ శతాబ్ది ఆరంభంలో అక్కడి నుంచి శిల్పాలు చోరీకి గురయ్యాయి. బుద్ధుని ఆరాధకులను చూపే ఒక ఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల న్యూయార్క్ వ్యాపారి నుంచి కొన్నది. తవ్వకాల తర్వాత తీసిన పాత ఛాయాచిత్రాల ఆధారంగా అది చందవరం నుంచి పోయినదని తేలింది. 2016లో ఆ ఫలకాన్ని భారతదేశానికి తిరిగి అప్పగించారు. ఇక్కడ రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, వస్తువులు తరలిపోవడం కంపెనీ కాలంతో ముగియలేదు. రెండవది, ఫలకాన్ని వెనక్కి తెచ్చినది ఒక ఛాయాచిత్రం. నమోదు అయినది తిరిగి రాగలదు. నమోదు కానిది తనదని చెప్పుకోవడానికే వీలుండదు.

7. పరిశోధకుడి సందర్శన క్రమం

పై విచారణను అనుసరించి లండన్‌లో తెలుగు పరిశోధకుడి దారిని ఇలా నిర్ణయించుకోవచ్చు. మొదటి రోజు సిటీలో లెడెన్‌హాల్ వీథి, సెయింట్ పాల్ ప్రధాన చర్చి, టవర్ కోట చూసి, వైట్‌హాల్ చేరాలి. కంపెనీ నుంచి రాణికి అధికారం మారిన దారి అది. ఒకే రోజులో చూస్తే పేట, కోటల భేదం మనసుకు పడుతుంది.

తరువాతి రోజులు బ్రిటిష్ గ్రంథాలయానికి కేటాయించాలి. 1973లో మ్యూజియం నుంచి వేరైన ఈ సంస్థ 1998లో యూస్టన్ రోడ్డు పక్కన సెయింట్ పాంక్రస్ ప్రాంతంలోని కొత్త భవనంలో తెరుచుకుంది. ఇండియా కార్యాలయపు దస్త్రాలు ఇక్కడే ఉన్నాయి. వాటిని పరిచిన బల్లల పొడవు సుమారు 14 కిలోమీటర్లు. గుర్తింపు, చిరునామా పత్రాలు చూపి పాఠకుడి కార్డు తీసుకోవాలి. చదివే గదిలోకి కలం అనుమతించరు, పెన్సిలే వాడాలి. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడి వల్ల గ్రంథాలయపు అంతర్జాల సూచికలు చాలాకాలం పనిచేయలేదు. ఇంటి నుంచే అన్నీ చూడవచ్చన్న ధీమా తగదని ఆ సంఘటన చెబుతుంది.

వెతికే పద్ధతికి సంబంధించి రెండు జాగ్రత్తలు అవసరం. పైన చెప్పిన పరిపాలన మార్పులను బట్టి ఏ కాలపు కాగితం ఏ జిల్లా పేరుతో ఉంటుందో ముందే పట్టిక రాసుకోవాలి. అట్లాగే ఊరి పేర్లకు ఆ కాలపు ఇంగ్లీషు రూపాలను ఊహించి వెతకాలి. రైలుమార్గ చరిత్ర చదివేవారికీ ఇక్కడ పని ఉంది. 1876–78 నాటి కరవు తర్వాత గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండల మీదుగా కృష్ణా తీరానికి వేసిన మార్గాన్ని నడిపిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ లండన్‌లో ఏర్పడినదే. నల్లమల కనుమలో దొరబావి వంతెన కట్టిన కాలపు ప్రజాపనుల శాఖ వ్యవహారాలను ఆ దస్త్రాలలో అన్వేషించాలి.

గ్రంథాలయం నుంచి గోవర్ వీథిలోని యూనివర్సిటీ కాలేజీ మీదుగా బ్రిటిష్ మ్యూజియం వరకు నడిచి వెళ్ళవచ్చు. కాగితం, తెలుగు బోధన, శిల్పం అనే మూడు ఆధారాలూ ఆ ఒక్క నడకలో కలుస్తాయి. చివరి మజిలీ కెన్సాల్ గ్రీన్.

ముగింపు

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం కంభం చెరువును వారసత్వ నీటిపారుదల నిర్మాణంగా గుర్తించింది. లండన్‌లో ఆ చెరువు వృత్తాంతం అచ్చయిన రెండు శతాబ్దాల తర్వాత వచ్చిన గుర్తింపు ఇది. ఈ రెండు సంవత్సరాల మధ్య చెరువును గురించి ఏర్పడిన ఆధారాలు మూడు చోట్ల ఉన్నాయి. చూపు లండన్‌లో, పలుకు చెన్నైలో, నీరు కంభంలో. లండన్ పరిశోధకుడు నీటిని చూడలేదు. కంభం రైతు పటాన్ని చూడలేదు.

లండన్‌ను ఆరాధనతోనో ఆగ్రహంతోనో చూడడం సులభం. ఆ నగరం తెలుగు ఆధారాలను తీసుకుపోయింది. కొన్నింటిని బండ్లకొట్టంలో పడవేసింది. మరికొన్నింటిని మనకన్నా భద్రంగా దాచింది. కొన్నింటిని తిప్పి పంపింది. ఈ నాలుగూ నిజాలే. వీటిలో ఏ ఒక్కటీ తక్కిన మూడింటిని రద్దు చేయదు. శిలలు తిరిగి రావడం ప్రభుత్వాల మధ్య తేలవలసిన విషయం. కాని విడిపోయిన పటాన్నీ పలుకునూ ఒక పుటలో పక్కపక్కన పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కంభం, దూపాడు సీమల గ్రామాల వారీగా లండన్ పటాలు, చిత్రాలు, దస్త్రాలు ఒక వైపు, చెన్నై కైఫియత్తులు మరో వైపు, నేటి శాసనాలు, కట్టడాలు, వాటి ఛాయాచిత్రాలు ఇంకో వైపు చూపే ఉమ్మడి సూచిక ఒకటి తెలుగు శాఖలు తయారుచేయగలవు. 1836లో కావలి లక్ష్మయ్యకు దక్కని పని అదే. చందవరం ఫలకం తిరిగి రావడానికి ఒక ఛాయాచిత్రం చాలింది. ఒక సీమ చరిత్ర తిరిగి రావడానికి ఒక మంచి సూచిక ఆరంభం కాగలదు.